అనుమతి అక్కఱలేని గృహసంస్కారములు: బొంబాయి చాళ్లలో తెలుగువారి నివాసచరిత్ర

పరప్రాంతమున స్థిరపడిన జనుల చరిత్రను వారు కట్టిన దేవాలయములను బట్టియు, నెలకొల్పిన పాఠశాలలను బట్టియు వ్రాయుట పరిపాటి. వారు తమ యింటి గోడకు కొట్టిన మేకుల చరిత్రను వ్రాయువా రరుదు. అయినను బొంబాయి నగరమున రెండువందల యేండ్లకు పైబడి నివసించుచున్న తెలుగువారిలో అనేకుల బ్రతుకు ఒంటిగది యిండ్లలోనే గడచినది. ఆ గదిలో ఏ పనిని స్వేచ్ఛగా చేసికొనవచ్చును, దేనికి నగరపాలక సంస్థ అనుమతి కావలెను, దేనికి యజమాని సమ్మతి కావలెను అను ప్రశ్నలు వారికి న్యాయవాదుల వాదములు కావు, నిత్యజీవన సమస్యలు. కావున ఈ విషయమును చరిత్రక్రమమున పరిశీలించుట యుక్తము.

బొంబాయి దీవుల నడుమనుండిన పల్లపు నేలలు, పదునెనిమిదవ శతాబ్దాంతమున హార్న్‌బీ గవర్నరు పేరిట ప్రసిద్ధమైన కట్ట సముద్రపు పోటును అరికట్టిన పిమ్మట, క్రమముగా నివాసయోగ్యము లయ్యెను. 1795 ప్రాంతము మొదలుకొని నైజాము రాజ్యమునుండి వచ్చిన కామాఠీలు అచ్చట కాపురములు పెట్టిరి. వీరిలో తెలుగు మాటాడువారు అధికులు. రాతిపని, తాపీపని, కట్టుబడి కూలి వీరి వృత్తులు. వీరి పేరుమీదుగనే ఆ పేటకు కామాఠీపురమను పేరు వచ్చెను. తరువాత బట్టల మిల్లులు వెలసినపుడు తెలంగాణమునుండి పద్మశాలీలు వచ్చి వర్లీ, నాయగావ్ మున్నగు చోట్ల నిలిచిరి. ఇతరుల భవనములకు గోడలెత్తిన చేతులకు తమ గదిలో ఒక అడ్డుగోడ పెట్టుకొనుటకు సైతము చట్టమువైపు చూడవలసిన స్థితి యేర్పడుట ఈ చరిత్రలోని విశేషము.

ఆ చట్టములలో మొదట చెప్పదగినది 1888 నాటి బొంబాయి నగరపాలక చట్టము. దాని 342వ విభాగము ప్రకారము భవనమునకు చేర్పు చేయదలచినవాడును, ఏదేని భాగమును తొలగించియో, మార్చియో, తిరిగి నిలిపియో మరమ్మతు చేయదలచినవాడును కమీషనరునకు ముందుగా నోటీసు నీయవలెను. కాని ఆ నియమములోనే ఒక మినహాయింపు కలదు. భవనమును కాపురమునకు తగినట్లు నిలుపుకొను మరమ్మతులకు ఆ నోటీసు అక్కఱలేదు.

చట్టము వెలువడిన ఎనిమిదేండ్లకు, 1896లో, మాండ్వీ పేటలో మహామారి బయటపడెను. అధికారులు ఇండ్లలో ప్రవేశించి సున్నము కొట్టించిరి. గాలి వెలుతురులకై పెంకులు తీయించిరి. కొన్ని యిండ్లను మనుష్యనివాసమునకు తగవని గుర్తు వేసిరి. 1898లో నగర సంస్కరణ ట్రస్టు ఏర్పడి, కామాఠీపురమునకు పొరుగుననున్న నాగ్‌పాడాను తన తొలి పథకముగా గైకొనెను. అంతకుముందు ఇంటి లోపలిభాగము గృహస్థుని సొంత వ్యవహారముగా నుండెను. ఆ వ్యాధితో అది నగర వ్యవహారమయ్యెను. అనుమతులపై పట్టుదల పెరుగుటకు గల కారణము కేవలము అధికారదర్పము కాదనియు, దాని వెనుక మృత్యుభయము కలదనియు గ్రహింపవలెను.

మినహాయింపబడిన మరమ్మతులు ఏవి యను ప్రశ్నకు నేడు ఆ విభాగపు వివరణయే సమాధానము చెప్పుచున్నది. గోడలకును, ఆధారభాగములకును సిమెంటు మిశ్రమమును యంత్రముతో చిమ్మించుట, గిలాబా చేయుట, రంగు వేయుట, సందులు పూడ్చుట, నేలపలకలు మార్చుట, మరుగుదొడ్డి, స్నానపుగది, కడుగుడు తావులను బాగుచేయుట, మురుగు గొట్టములు, కొళాయిలు మార్చుట, నీటి, విద్యుత్ సామగ్రిని బాగుచేయుట, పూర్వపు సామగ్రితోనే కప్పును తిరిగి వేయుట - ఇవి ఏడు తెగలు. పొడవు వెడల్పు ఎత్తులను మార్చుట, బరువు మోయు గోడలను గాని ఆధారభాగములను గాని తీయుట, నేలమట్టమును దించుట, నడిమి యంతస్తును గాని అటకను గాని చేర్చుట, పెంకుల కప్పును చదును చేయుట, వేఱు సామగ్రితో కప్పు వేయుట - ఇవి మినహాయింపులోనికి రావు. పెంకుటింటివాడు పెంకు మార్చవచ్చును. పెంకు తీసి రేకు వేయుట ఆ మినహాయింపులో చేరదు.

రెండవది అద్దె చట్టము. 1947 నాటి బొంబాయి అద్దె చట్టము 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెను ప్రమాణముగా నిలిపెను. దానివలన పేదవాని కాపురము నిలిచెను. కాని అద్దె పెరుగని యింటికి మరమ్మతు చేయించుటలో యజమానులకు ఆసక్తి నశించెను. శిథిలమగుచున్న భవనములకై 1969లో ప్రత్యేక చట్టమును చేసి, పన్ను వసూలుచేసి మరమ్మతులు జరిపించు మండలి నేర్పరచవలసి వచ్చెను. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టము ప్రకారము యజమాని మరమ్మతు చేయనిచో, పదునైదు దినములకు తక్కువగాని నోటీసు నిచ్చి, తగిన గడువు చూచి, అద్దెదారుడే చేయించుకొని ఖర్చును అద్దెలో మినహాయించుకొనవచ్చును. అయితే ఆ మినహాయింపు ఏటి అద్దెలో నాలుగవ వంతును మించరాదు. అద్దె స్వల్పమైనచోట నాలుగవ వంతు ఎంత? అది గోడకు సున్నమునకు చాలునేమోగాని దూలమునకు చాలదు.

ఆ చట్టములోనే చాళ్ల జీవనమును కన్నులకు గట్టు మఱియొక నియమము కలదు. యజమాని వ్రాతపూర్వక సమ్మతి లేక శాశ్వత నిర్మాణము చేసిన అద్దెదారుని ఖాళీ చేయింపవచ్చును. కాని కొన్ని పనులు శాశ్వత నిర్మాణములు కావని 16వ విభాగపు వివరణ చెప్పుచున్నది: చెక్క అడ్డుగోడ, నిలుచుండి వంట చేయుటకు గట్టు, తలుపు, జాలకము, గాలికై తెఱచిన కిటికీ, కప్పు క్రింద వేయు తేలిక కప్పు, శీతలయంత్రము, పొగగొట్టము మున్నగునవి. పెండ్లియైన కుమారునికి చెక్క తెరయు, పొయ్యి ముందు కూర్చుండలేని తల్లికి వంటగట్టును ఈ జాబితాలో స్థానము పొందినవి. కాని అవసరమైనచోట నగరపాలక సంస్థ అనుమతితో చేసినపుడే యని ఆ వివరణలోనే కలదు. యజమానినుండి రక్షణ లభించినంతమాత్రమున నగరపాలక నియమమునుండి విముక్తి లభింపదు.

మూడవది ప్రణాళికా చట్టము. బ్రిటనులో 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టము, భవనపు లోపలిభాగమునకు మాత్రమే సంబంధించినవియు, వెలుపలి ఆకృతిని గణనీయముగా మార్చనివియు నగు పనులను అనుమతినుండి మినహాయించెను. 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టపు 43వ విభాగమున ఇంచుమించు ఆ మాటలే కనబడుచున్నవి. దీనిని మాత్రమే చదివినవానికి అటక కట్టుట యింటిలోపలి పనియే గదా యని తోచును. నగరపాలక చట్టమును కూడ చదివినగాని అది మినహాయింపు కాదని తెలియదు. ఒక్క గదిపై మూడు చట్టములు, మూడు ప్రశ్నలు వేయుచున్నవి. నగరము వెలుపలి రూపమెట్లుండును? భవనము నిలుచునా? యజమాని హక్కు చెడునా? ఒకదానికి సమాధానము చెప్పినవాడు తక్కిన రెంటికిని చెప్పినట్లు కాదు.

అటక విషయము తెలుగు కుటుంబములకు మిక్కిలి దగ్గఱిది. 1920 తరువాతి దశాబ్దమున ప్రభుత్వము వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో కట్టించిన 207 చాళ్లలో ఒక్కొక్క గది 160 చదరపుటడుగులది. అవి ప్రభుత్వపు సొత్తు గావున అద్దె చట్టపు రక్షణలు వానికి చెందవు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తరువాత పనులు పోయినను కాపురములు పోలేదు. పిల్లలు పెరిగిరి, గది పెరుగలేదు. అట్టి గదులలో చోటునకు మిగిలిన దిక్కు మీది దిక్కే. నేలమీద పదిమందికి చోటులేని గదిలో అటక కట్టుట దురాశ కాదు. కాని ప్రతి అంతస్తునను ప్రతి గదివాడును అట్లే తలచినచో ఆ బరువంతయు మోయవలసినది పాతగోడలే. 2017 జులై 25న ఘాట్కోపరులో ఒక భవనము కూలి 17 మంది మరణించిరి. క్రింది అంతస్తులో మార్పులు చేయుచు స్తంభములను తొలగించిరని ఆరోపణ వచ్చెను. అనుమతి అక్కఱలేని పనికిని, కావలసిన పనికిని నడుమనున్న గీత కాగితముపై గీత మాత్రమే కాదు. పొరుగువాని తలమీది కప్పు.

నేడు ఆ చాళ్ల స్థానమున ఎత్తైన భవనములు లేచుచున్నవి. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబములకు 500 చదరపుటడుగుల గృహముల తాళపుచెవులు ఇయ్యబడెను. కొత్త యింట అటక అవసరము తగ్గవచ్చును. గోడ తీసి గదిని పెంచు కోరిక తగ్గునని చెప్పలేము. ఎత్తైన భవనమున ఒక యింటి గోడ పదియిండ్ల గోడ. కావున సుత్తి పట్టుటకు ముందు, చేయబోవు పని ఆ యేడు తెగలలో చేరునా యని చూచుకొనుటయు, చేరనిచో అర్హతగల ఇంజనీరును సంప్రదించి అనుమతిని వ్రాతమూలముగా పొందుటయు కర్తవ్యము. అద్దెయింటివారు యజమానికిచ్చిన నోటీసు ప్రతిని, మరమ్మతు రసీదులను, అద్దె చీటీలతో కలిపి భద్రపరుపవలెను. తాతలు రాతికట్టడమున ఏ రాయి తీసిన గోడ పడునో చూచి చెప్పగలిగినవారు. ఆ వివేకమునే నేడు చట్టము తన భాషలో వ్రాసికొన్నది. దానిని చదివి పాటించుట వారి సంతతికి క్రొత్త విద్య కాదు.