నూతిలో చేద: తెలుగు ఇళ్ళలో పురిటి రోజులు, ఇంటి చాకిరీ

బారసాలనాడు చాలా తెలుగు ఇళ్ళలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, పళ్ళెంలో పోసిన బియ్యంమీద పేరు రాయడం, బిడ్డను ఉయ్యాలలో వేయడం అయ్యాక మరొక తంతు జరిగేది. బాలింతను పెరట్లోని నూతి దగ్గరకు తీసుకువెళ్ళి, నూతికి పసుపు కుంకుమలు పెట్టించి, ఆమెచేత చేద వేయించి నీళ్ళు తోడించేవారు. పురోహితుడి దృష్టిలో ఇది గంగపూజ. ఇంటిపని చరిత్రను పరిశీలించేవారికి మాత్రం ఇందులో వేరొక అర్థం కనిపిస్తుంది. అప్పటిదాకా ఆమెకు ఎవరో నీళ్ళు తోడి పోశారు. ఇకమీదట ఆమే తోడాలి. మూడు వారాల విరామం ముగిసి ఆమె తిరిగి చాకిరీలో చేరిన దినమది.

పురిటి మైలను ఒక వెలిగా, స్త్రీశరీరం పట్ల సమాజానికి గల చిన్నచూపుకు గుర్తుగా సంస్కరణోద్యమ కాలం నుంచి విమర్శిస్తూ వచ్చారు. ఆ విమర్శ న్యాయమైనది. అయితే వంటింటి గడప దాటరాదన్న నిషేధమే, కోడలికి వంటింటినుంచి దొరికిన సెలవుకూడా అయింది. ధర్మశాస్త్రకారులు ఉద్దేశించని ఫలితమిది. ఇరవయ్యో శతాబ్దంలో మైల సడలినప్పుడు ఈ సెలవు ఏమైందన్నది ఇక్కడి ప్రశ్న.

'పురుడు' అన్న మాట వాడుకలోనే ఈ జమిలితనం ఉంది. ప్రసవం పురుడే, దానివల్ల పది రోజులపాటు ఇంటిపేరు వారందరికీ కలిగే ఆశౌచమూ పురుడే. 'వాళ్ళకు పురుడొచ్చింది' అంటే కన్నది ఒకరు, మైల పట్టేది దాయాదులందరికీ. పదకొండోనాడు శుద్ధి జరిగితే దాయాదులకు మైల తీరిపోతుంది. బాలింతకు మాత్రం ఆంక్షలు ఇంకా మిగిలేవి. ఆ మిగిలిన రోజుల్లో ఇంట్లో ఎవరు ఏ పని చేశారో చెప్పే రాతలు బహు తక్కువ.

పురిటింటి పనులు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. అందువల్ల కూతురు వచ్చినప్పటినుంచే ఆ ఇల్లొక పనిశాలగా మారేది. ముందుగా చోటు కుదరాలి. వసారా చివరి గదినో పెరటివైపు కొట్టునో ఖాళీచేసి, అలికి, గాలి చొరకుండా తడిక కట్టేవారు. వదులైన నులకమంచాన్ని బిగించేవారు. మేనమామలో తాతలో వడ్రంగిచేత ఉయ్యాల చేయించడమో, అటకమీది పాత ఉయ్యాలను దించి గొలుసులు తోమించడమో చేసేవారు. తెలంగాణలో ఇరవై ఒకటోనాటి వేడుకకు 'తొట్టెల' అన్న పేరే నిలిచింది. ఉయ్యాల కొనలేని ఇళ్ళలో దూలానికి చీర కడితే అదే ఉయ్యాల.

అన్నింటికంటె పెద్దపని గుడ్డలది. కొత్తబట్ట బిడ్డ ఒంటికి గరుకు. అందుచేత ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను నెలల ముందునుంచే దాచి, చింపి, మడతలు పెట్టేవారు. 'పొత్తిళ్ళలో బిడ్డ' అన్న పలుకుబడి ఆ పాతగుడ్డలనుంచి వచ్చిందే. మిగిలిన ముక్కలను పొరలుపొరలుగా పరచి బొంతలు కుట్టేవారు. బిడ్డ పక్కబట్టలో అమ్మమ్మ చీర, మేనత్త చీర కలిసి ఉండడం ఆదాకోసం చేసిన పనే. దానిని ఆచారంగా వర్ణించడం తరువాతి కాలపు అలవాటు.

వంటింట్లో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి, బెల్లం పాకంలో కలిపి బాలింత కాయం చేసేవారు. ఆముదం దీపంపై పళ్ళెం బోర్లించి పట్టిన మసితో కాటుక సిద్ధమయ్యేది. పెసలు విసిరి నలుగుపిండి, సానమీద అరగదీయడానికి వసకొమ్ము, వెండిదో కంచుదో ఒక ఉగ్గుగిన్నె, తలంటు తర్వాత పొగవేయడానికి సాంబ్రాణి ఉండాలి. రోజూ రెండుపూటలా కాగుల్లో నీళ్ళు మరగాలి. వాటికి కట్టెలు కొట్టాలి. ఆ నీళ్ళన్నీ నూతినుంచే రావాలి. బాలింత స్నానం, బిడ్డ స్నానం, గుడ్డలు జాడించడం కలిపి చూస్తే, ఆ ఇంట్లో తక్కిన పనులన్నీ నీటిపని వెనుకే నడిచాయనవచ్చు. బారసాలనాటి తంతు మరెక్కడా కాక నూతి దగ్గరే జరగడానికి కారణం ఇక్కడ వెదకవలసి ఉంటుంది.

ఈ పనిలో అధికభాగం బాలింత తల్లిది. ఆమెతో పాటు ఇంటికి వెలుపలినుంచి ఇద్దరు స్త్రీలు వచ్చేవారు. పురుడు పోసి, బొడ్డు కోసి, తరువాతి రోజుల్లో ఒళ్ళు పట్టి నీళ్ళుపోసే మంత్రసాని ఒకరు. అనేక గ్రామాల్లో ఆమె మంగలి కుటుంబపు స్త్రీ. కొన్నిచోట్ల ఇతర శ్రామిక కులాల స్త్రీ. మైలబట్టలు ఉతికే చాకలి స్త్రీ మరొకరు. వీరికి ముట్టేది చాలావరకు ధాన్యం, పాతచీర, రవికెగుడ్డ. మైలను తాకడం వారి వృత్తి కావడం వల్లనే బాలింత పని ముట్టకుండా ఉండగలిగింది. అంటే ఆ సెలవు కుటుంబం ఆమెకిచ్చిన కానుక కాదు. కులవ్యవస్థ అడుగున ఉన్న స్త్రీల శ్రమపై అది నిలబడింది.

పాటల్లో పురిటిగది

ఈ లోకానికి మిగిలిన ఉత్తమ ఆధారం స్త్రీల రామాయణపు పాటలు. కావ్యకవులు పుత్రోదయాన్ని దుందుభులతో, పుష్పవృష్టితో ముగిస్తే, ఈ పాటలు పురిటిగదిలోనే ఆగిపోతాయి. కౌసల్య వేవిళ్ళు, నొప్పులు, పైనుంచి వేలాడదీసిన తాళ్ళు పట్టుకొని ఆమె పడే బాధ, మంత్రసానికి కబురు, బిడ్డకు స్నానం, ఉయ్యాల, ఉయ్యాల చుట్టూ ఆడవాళ్ళ అధికారాలు, అలకలు ఇందులో కథావస్తువులు. దశరథుడి వంశం నిలవడం వీటిలో ప్రధానం కాదు. ఆ ఇంట్లో ఎవరికి ఏ మర్యాద జరిగిందన్నది ప్రధానం.

వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన తన ఆంగ్లవ్యాసంలో బ్రాహ్మణ స్త్రీలు ఇంట్లో పాడుకునే పాటలనూ, శ్రామిక కులాల స్త్రీలు పనిచేస్తూ పాడే పాటలనూ వేరుచేసి చదివారు. వేవిళ్ళు, పురుళ్ళు, ఉయ్యాల వేడుకలు మొదటి వర్గపు పాటల్లో విస్తారం. రెండో వర్గపు పాటల్లో వాటికి అంత చోటు లేదు. ఈ భేదాన్ని ఇంటిపని చరిత్రతో కలిపి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. నాట్లువేసే కూలిస్త్రీకి మూడు వారాల విరామం లేదు. చెట్టుకొమ్మకు కట్టిన చీరలో బిడ్డను పడుకోబెట్టి ఆమె మడిలోకి దిగింది. తనకు దక్కని పురిటిగదిని ఆమె పాట పట్టించుకోకపోవడంలో వింత లేదు.

పురుషుడి స్థానం గురించి ఒక విచిత్రమైన ఆధారం ఉంది. గోదావరి తీరాన డుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్, ఎరుకల కుటుంబాల్లో భార్యకు నొప్పులు రాగానే భర్త ఆమె బట్టలు కట్టుకొని చీకటి గదిలో పడుకుంటాడనీ, పుట్టిన బిడ్డను అతని పక్కన ఉంచుతారనీ, బెల్లం, ఇంగువ వంటివి కూడా తల్లికి కాక అతనికే ఇస్తారనీ 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ'లో రాశారు. థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో దీనిని తిరిగి ఉదాహరించారు. మానవశాస్త్రజ్ఞులు దీనిని ఎంతగానో చర్చించారు. అది ఎంత వ్యాప్తిలో ఉన్న ఆచారమో ఒక్క పరిశీలకుడి మాటపై తేల్చడం సాహసం. పైగా ఆ చర్చ అంతా పడుకున్న పురుషుడి చుట్టూ తిరిగిందే తప్ప, ఆ పూట పొయ్యి రాజేసినదెవరన్న ప్రశ్న వైపు రాలేదు.

సంస్కరణ, ఆస్పత్రి, పత్రిక

పురిటిగదిని వెనకేసుకు రావడం తగదు. గాలి వెలుతురు లేని గది, మంచం కింద కుంపటి, తొలి రోజుల్లో లంఖణం, దాహానికీ నీళ్ళు తగ్గించి ఇవ్వడం, కొడవలితోనో బద్దతోనో బొడ్డు కోయడం వంటివి తల్లీబిడ్డల ప్రాణాలు తీసిన పద్ధతులు. శుభ్రం లేని పనిముట్టువల్ల వచ్చే ధనుర్వాతాన్ని గాలి సోకడమో దృష్టి తగలడమో అనుకున్న కాలమది. కందుకూరి వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని'ని స్త్రీలకోసం ప్రారంభించారు. అదే సంవత్సరం అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ ఆనా కుగ్లర్ గుంటూరు చేరారు. 1898లో అక్కడ ఆమె ఆస్పత్రి తెరుచుకుంది. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి, హైదరాబాదులో 1906లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జనానా ఆస్పత్రి ఇదే ధోరణికి చెందినవి. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. శిక్షణ పొందినవారి పేర్లు నమోదుకావడం మొదలయ్యాక, వంశపారంపర్యపు మంత్రసాని క్రమంగా అర్హత లేని మనిషిగా లెక్కకు వచ్చింది. ఆమె కోసిన బొడ్డు ప్రమాదకరమైనదే కావచ్చు. ఆ తరువాతి రోజుల్లో ఆమె పోసిన నీళ్ళు, పట్టిన ఒళ్ళు మాత్రం ఆస్పత్రి జాబితాలో చేరలేదు. నర్సు పని ప్రసవంతో ముగుస్తుంది; మంత్రసాని పని అక్కడినుంచే మొదలవుతుంది.

తొలినాళ్ళలో ఆస్పత్రికి వెళ్ళిన స్త్రీ ఒంటరిగా వెళ్ళలేదు. తల్లి, వంటగిన్నెలు, బియ్యం మూట ఆమె వెంట వెళ్ళాయి. గుంటూరు ఆస్పత్రి సమీపంలో రోగుల బంధువులకోసం సత్రం వెలసింది. ఇల్లే ఆస్పత్రి వాకిట్లోకి నడిచి వచ్చిందనుకోవాలి.

ఈ మార్పును గడప లోపలికి తెచ్చినవి పత్రికలు. డాక్టర్ కె. ఎన్. కేసరి 1928లో మద్రాసునుంచి 'గృహలక్ష్మి'ని ప్రారంభించారు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వెలువడినది ఇందులోనే. ఈ పత్రికను నడిపినవారు స్త్రీల మందు 'లోధ్ర'ను తయారుచేసే కేసరి కుటీరం అధిపతి కావడం గమనించదగిన విషయం. రోటిలో దంచిన కాయానికి బదులు సీసాలో వచ్చే ఔషధం, అమ్మమ్మ మాటకు బదులు అచ్చుపుట ఒకే చిరునామానుంచి ఇంటికి చేరాయి. స్త్రీల పత్రికలు చిత్రించిన ఆదర్శ గృహిణి శుభ్రత తెలిసినది, శిశుపోషణ చదువుకున్నది. ఆమెకు మైల పట్టింపు తక్కువ. పుస్తకం చదివి తన బిడ్డను తానే పెంచుకోగలదన్న ఆ గౌరవంలోనే, ఇతరులు పంచుకున్న పని ఆమె ఒక్కదాని బాధ్యతగా మారే బీజం ఉంది. సంస్కర్తలు అది కోరలేదు. కాని వంటింటి గడప దాటరాదన్న నిషేధాన్ని తొలగించినవారు, ఆ రోజుల్లో వంట ఎవరు చేయాలన్న ప్రశ్నకు బదులు చెప్పలేదు.

సెలవు ఎవరికి

ఇంటి సెలవు సన్నగిల్లుతున్న కాలంలోనే రాజ్యం ఇచ్చే సెలవు పుట్టింది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల వేతనంతో కూడిన సెలవు నిర్ణయించింది. 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు దానిని 26 వారాలు చేసింది. ఇది జీతం వచ్చే పనినుంచి సెలవే తప్ప ఇంటిపనినుంచి కాదు. పది రోజుల మైల వంటింటినుంచి తప్పించింది. 26 వారాల సెలవు చాలామందిని వంటింటికి చేర్చింది. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు.

ప్రసవం మాత్రం దాదాపు పూర్తిగా ఇల్లు దాటింది. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో ఆస్పత్రిలో జరిగినవి సుమారు మూడోవంతు. 2019-21 సర్వేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. తల్లుల ప్రాణరక్షణలో ఇది కాదనలేని విజయం. అదే సర్వేలో కోతకాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. కుట్లు పడిన స్త్రీ వంగలేదు, బరువెత్తలేదు. పాత పురిటిచర్య ఆమెకోసం ఏర్పడినది కాదు. విశ్రాంతి అవసరం పెరిగిన తరంలోనే, విశ్రాంతినిచ్చే మనుషులు ఇంట్లో తగ్గారు. పుట్టింటికి పంపే ఆచారం ఉన్నా, ఆ పుట్టింట్లో తల్లికూడా ఉద్యోగస్తురాలు కావచ్చు.

పురిటింటి సరంజామాకూ ఇదే గతి పట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, బిడ్డబట్టలు, దోమతెర, తల్లికి చీరలు చేర్చారు. నెలల తరబడి చేతులు సిద్ధంచేసిన సామగ్రి ఒక పెట్టెలోకి వచ్చింది. పేద ఇళ్ళకు దీని విలువ తక్కువ కాదు. ఏ దాయాది చీరా చింపనవసరం లేకుండా బిడ్డకు బట్ట దొరికింది. కాగులోని నీళ్ళు మరిగించడం, రాత్రి మూడుసార్లు లేవడం, తడిగుడ్డలు ఆరేయడం పెట్టెలో పట్టే వస్తువులు కావు.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో ఇప్పుడు బిడ్డకూ బాలింతకూ నీళ్ళుపోయడానికి నెలకింతని మాట్లాడుకొని ఒక మనిషిని పెట్టుకుంటున్నారు. ఆమె పొద్దున్నే నాలుగైదు ఇళ్ళు తిరుగుతుంది. పాత మంత్రసాని పనిలో ప్రసవం పోగా మిగిలిన భాగం ఆమెది. కూలి ధాన్యంలో కాక డబ్బులో వస్తుంది. 1961 చట్టం వర్తించిన సంస్థల్లో ఏ ఇల్లూ లేదు. ఆమె కాన్పుకు వెళ్ళిన నెలలో, ఆ ఇళ్ళవారు మరొకరిని మాట్లాడుకుంటారు.