ఒనైడా వాళ్ళ సమష్టి వివాహం

ఇక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కూడా ఒనైడా చెంచాలు, ఫోర్కులు కనిపిస్తూ ఉంటాయి. ఆ కంపెనీ మూలపురుషులు వ్యాపారం కోసం బయల్దేరినవాళ్ళు కారు. పెళ్ళి అనేదాన్నే మార్చేద్దామనుకున్న ఓ క్రైస్తవ సమాజం వాళ్ళది.

1848లో జాన్ హంఫ్రీ నోయెస్ అనే మతబోధకుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడాలో దాన్ని మొదలుపెట్టాడు. ఆస్తి అందరిదీ. పెళ్ళీ అందరిదీ! ప్రతి పురుషుడూ ప్రతి స్త్రీకీ భర్తే అని లెక్క. దీన్నే సమష్టి వివాహం అనుకుందాం. ఇప్పుడు పాలియమరీ అంటున్నదానికి ఇదే తాతగారు అనేవాళ్ళున్నారు. నాకు అంత ఒప్పుదల లేదు. ఇక్కడ ఒక్కరినే గాఢంగా ప్రేమిస్తే అది తప్పు, అలాంటి జంటను విడదీసేవారు.

సంబంధాల గురించి బాగా ఆలోచిస్తే, చర్చిస్తే అవి బాగుపడతాయని మనం అనుకుంటాం కదా. వీళ్ళు చేసినంత చర్చ ఎవరూ చేసి ఉండరు. ‘పరస్పర విమర్శ’ అని వాళ్ళకో పద్ధతి ఉండేది. ఒక మనిషి నోరు మెదపకుండా కూర్చోవాలి. తోటివారు ఒక్కొక్కరే అతని గుణదోషాలు ముఖం మీదే చెబుతారు. గర్వం, అసూయ, ఒకరి మీదే మమకారం, అన్నీ బయటికొచ్చేవి. మేలు జరిగిందన్నవారూ ఉన్నారు. మూడువందల మంది దాకా పెరిగిన ఆ సమాజం ముప్ఫై ఏళ్ళు నిలిచిందంటే మాటలు కాదు.

అయితే నోయెస్‌ను అలా కూర్చోబెట్టి విమర్శించే అలవాటు లేదు. అసలు చిక్కు అక్కడే ఉందంటాను. ఆయన మేనకోడలు టిర్జా మిల్లర్ రాసుకున్న జ్ఞాపకాలు 2000లో పుస్తకంగా వచ్చాయి. ఎడ్వర్డ్ ఇన్‌స్లీ అనే సంగీతకారుణ్ణి ఆమె ప్రేమించింది, అతని బిడ్డను కంది. అయినా పెద్దల మాట మీద దూరం జరగాల్సి వచ్చింది. 1869 నుంచి పదేళ్ళపాటు ఎవరు ఎవరితో పిల్లల్ని కనాలో కూడా పైవాళ్ళే తేల్చారు. అలా 58 మంది పుట్టారు.

1879 జూన్‌లో అరెస్టు భయంతో నోయెస్ రాత్రికి రాత్రి కెనడా వెళ్ళిపోయాడు. ఆగస్టులో సమష్టి వివాహం ఆగిపోయింది. చాలామంది మామూలు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. టిర్జా జేమ్స్ హెరిక్‌ను చేసుకుంది. బిడ్డ తండ్రికి అప్పటికే వేరే భార్య ఉన్న తల్లులకు మాత్రం ఆ దారి కూడా లేకపోయింది. 1881 జనవరి 1న సమాజం జాయింట్ స్టాక్ కంపెనీ అయింది, సభ్యులు వాటాలు పంచుకున్నారు.