ఐదో కాంటూరు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఎవరిని కదిపినా కొల్లేటి తగాదాను రెండు అంకెల్లో తేల్చేస్తారు. ఒకటి ఐదు, రెండోది మూడు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్నదంతా అభయారణ్యమని ప్రభుత్వం 1999లో హద్దు గీసింది. దాన్ని మూడడుగులకు దించమని ఊళ్లవాళ్లు అప్పటి నుంచీ అడుగుతున్నారు. మధ్యనున్న తేడా రెండడుగులే, మనిషి మోకాలి ఎత్తు. అయితే కొల్లేరు పళ్లెంలాంటి నేల. ఐదో కాంటూరు (ఐదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లుంటే, మూడో కాంటూరు లోపల 135 మాత్రమే ఉన్నాయి. మోకాలెత్తు నీరు దిగితే 170 చదరపు కిలోమీటర్లకు పైగా నేల బయటపడుతుంది. తగాదా అంతా ఆ నేల గురించే.

ఈ గీత ఎలా వచ్చిందో, దాని మీద ఊళ్లవాళ్లు ఎప్పుడు ఎవరి గుమ్మం తొక్కారో వరసగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. వాళ్లు అర్జీ పట్టుకెళ్లిన ప్రతిసారీ నిర్ణయం చేసే అధికారం అక్కడి నుంచి ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంది.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరు. పడమటి నుంచి బుడమేరు, ఉత్తరం నుంచి తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి కలుస్తాయి. వీటికి తోడు పదుల కొద్దీ కాలువలూ డ్రెయిన్లూ. ఇన్ని దారుల్లో వచ్చే నీటికి సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆ దారి తవ్వడం గురించి కూడా ఒక కథ ఉంది. కొల్లేటికోటలో ఉన్న ఒడ్డె సర్దారును పట్టుకోవడానికి శత్రువులు సరస్సు నీరు తీసేయాలని ఉప్పుటేరు తవ్వారట. ఆ సమయంలోనే సర్దారు సేనాని తన కూతుర్ని బలిచ్చాడట, అందుకే ఆ దారికి పేరంటాల కనుమ అన్న పేరు నిలిచిందట. నిజమో కాదో గానీ, కొల్లేటి నీటిమట్టాన్ని బయటివాళ్లు వచ్చి మార్చడం, ఆ ఖర్చు లోపలివాళ్ల మీద పడటం ఇక్కడి జ్ఞాపకంలో ఎంత పాతదో ఆ కథ చెబుతుంది.

19వ శతాబ్దం నడిమిన ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు వచ్చాయి. రెండు నదుల కాలువలూ ఏలూరులో కలిశాయి. మెట్టగా ఉన్న పొలాలు మాగాణులయ్యాయి, వాటి మురుగుకు కొల్లేరు తొట్టి అయింది. వానలు ముదిరినప్పుడు నీరు ఏడో కాంటూరు, పదో కాంటూరు దాకా ఎక్కి చుట్టూ ఉన్న వరిని ముంచేది. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలువల సంగతి చూసింది. 1968లో కృష్ణా గోదావరి డెల్టా డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. అంటే నీరు త్వరగా దించమని రైతులు అడిగారు, అందుకు పన్నూ కట్టారు. ఐదో కాంటూరు అన్న మాట అభయారణ్యంతో పుట్టిందనుకుంటాం గానీ, ఎత్తుల లెక్కన కొల్లేటిని కొలవడం ముంపు ఫైళ్లలో అంతకు ముందే ఉంది.

లోపలి ఊళ్ల లెక్క వేరు. సరస్సు నడుమ 46 లంక గ్రామాలు, ఒడ్డున 76 బెల్టు గ్రామాలు అని లెక్క చెబుతారు. లంకల్లో ఎక్కువ మంది వడ్డి కులస్తులు, చేపలవేట వాళ్ల బతుకు. నీరెక్కితే వెదురు మావులు పెట్టి కొర్రమీను, మార్పు, జెల్ల, వాలుగ పట్టేవారు. వేసవిలో నీరు దిగిన చోట దాళ్వా వేసేవారు. ఒకే చోటు ఆరు నెలలు చేపలిచ్చి, మిగతా కాలం వరి ఇచ్చేది. ఏ మ్యాపు మీద ఏ రంగు పులిమినా ఇలాంటి నేలను ఇది చెరువనో, ఇది పొలమనో తేల్చి చెప్పడం కష్టం.

1970ల నడిమి సంవత్సరాల్లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ప్రభుత్వమే ఈ చిక్కును ఒక పక్కకు తేల్చేసింది. మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి, సరస్సులోనే గట్లు వేసి చేపల చెరువులు తవ్వించింది. లంకల పేదలకు ఏడాది పొడవునా ఆదాయం ఉండాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ గట్టు వేయడం, బొచ్చె, శీలావతి పిల్ల పోయడం, తవుడు, తెలగపిండి మేపడం, ఐసు లారీల్లో కలకత్తాకు పంపడం అన్నీ పెట్టుబడి పనులు. సంఘం పేరు మీద ఉన్న చెరువు కొన్నేళ్లలో లీజుకు వెళ్లింది. సభ్యుడికి లీజు వాటా వచ్చింది, కొందరికి తమ చెరువు మీదే కూలీ దొరికింది. లాభం, గట్టు మీద పెత్తనం లీజుదారువి. 1980లు, 90లలో ఊరి పెద్దలు, పట్నపు డబ్బు, పార్టీల మనుషులు ఆ దారిన వచ్చి, సంఘాలకు ఇచ్చిన దానికి ఎన్నో రెట్లు తవ్వేశారు. ఆ గట్లు తమ్మిలేరు నీటిని అడ్డగించాయి. పైన రైతుల వరి మునిగితే గట్లను తిట్టుకున్నారు, లంకవాళ్లను కూడా తిట్టుకున్నారు. కొల్లేటి జనం అంటూ ఒకే గొంతు అక్కడితో పోయింది.

1995 సెప్టెంబరులో జీవో 76తో అభయారణ్యం పెట్టే ఉద్దేశాన్ని ప్రకటించారు. 1999 అక్టోబరు 4న జీవో 120తో ఖాయం చేశారు. ఈ నాలుగేళ్ల మధ్య జరగాల్సిన పని చాలామంది చర్చల్లోకి రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కలెక్టరు ఆ ప్రాంతంలో స్థానిక భాషలో ప్రకటన వేయాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లో రాతపూర్వకంగా చెప్పుకోవాలి. జిరాయితీ భూమి ఉందని తేలితే మూడు దారులున్నాయి: ఆ భూమిని హద్దు నుంచి తప్పించడం, డబ్బిచ్చి సేకరించడం, లేదా హక్కును కొనసాగనివ్వడం. కాగితం మీద చూస్తే మన దేశంలో ఊరివాళ్ల మాట వినడానికి ఇంతకన్నా స్పష్టమైన పద్ధతులు తక్కువ. చివరికి అమల్లోకి వచ్చింది మూడో దారే, అదీ సగం: పట్టా ఉంచుకో, సంప్రదాయ వేట చేసుకో, రసాయనాలు లేకుండా పంట పండించుకో, చేపల చెరువు మాత్రం వద్దు. అభయారణ్యంలో వేల ఎకరాల జిరాయితీ భూమి ఇలా ఇరుక్కుపోయింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు, తాకట్టు పెడదామంటే బ్యాంకు ఒప్పుకోదు. ఊళ్లవాళ్ల కోపంలో న్యాయమైన భాగం ఇది. మిగతా భాగం గురించి అంత ధీమాగా చెప్పలేను.

2002 ఆగస్టులో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కింది. ఆ జాబితాలో చూపిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, పదో కాంటూరు దాకా. ఇక్కడ ఐదే ఎక్కువంటుంటే, ప్రపంచానికి చెప్పిన లెక్క దానికి దాదాపు మూడింతలు.

తర్వాత కోర్టు కదిలింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశంతో 2006లో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. పశ్చిమ గోదావరి కలెక్టరు లవ్ అగర్వాల్, కృష్ణా కలెక్టరు నవీన్ మిట్టల్ ఆధ్వర్యంలో పొక్లెయిన్లు దిగి గట్లు తెంచాయి. ఊళ్లలో అడ్డుపడ్డారు, ధర్నాలు చేశారు, పోలీసు బందోబస్తు మధ్య పని సాగింది. లీజుదారుకు ఒక పంట పోయింది, వేరే చోట మరో చెరువు ఉంది. సంఘం సభ్యుడికి లీజు వాటా, కూలీ రెండూ పోయాయి. గట్లు పోయాక పాత కొల్లేరు తిరిగి రాలేదు. గుర్రపుడెక్క, కిక్కిస పెరిగిన నీటిలో మావులు పెట్టి బతకమంటే, ముప్ఫై ఏళ్లలో ఆ పని మర్చిపోయిన తరం ఏం చేస్తుంది? కొందరు ఊళ్లొదిలారు. మరికొన్ని చోట్ల కొన్నేళ్లకే గట్లు మళ్లీ లేచాయి.

అసలు మలుపు 2008ది. గట్లు కొట్టించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభలో తీర్మానం పెట్టించింది. సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. లంకల్లో పండగ చేసుకుని ఉంటే తప్పుపట్టలేం, ఎమ్మెల్యేలంతా కలిసి చెయ్యెత్తాక ఇంకేం కావాలి? కావలసింది చాలానే ఉంది. 1991 సవరణ నాటి చట్టంలోనైతే అభయారణ్యం హద్దు మార్చడానికి రాష్ట్ర శాసనసభ తీర్మానమే ఆధారం. 2002 సవరణ ఆ అధికారం తీసి జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసుకు ముడిపెట్టింది. అంతకు ముందే, 2000 నవంబరులో, తమ అనుమతి లేకుండా ఏ అభయారణ్యాన్నీ తగ్గించకూడదని సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది. అంటే హైదరాబాదులో సభ్యులు చేతులెత్తే నాటికి ఆ తాళంచెవి ఢిల్లీకి పోయి ఏళ్లయింది. ఈ సంగతి తెలిసే తీర్మానం చేశారా అన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న. ఎన్నికలు 2009లో ఉన్నాయి.

జైరాం రమేశ్ కేంద్ర పర్యావరణ మంత్రిగా ఉండగా, 2010లో, సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం డైరెక్టరు పి.ఎ. అజీజ్ నాయకత్వంలో కమిటీ వేశారు. మూడో కాంటూరుకు దించితే సరస్సుగా నిలవదని, హద్దు ఐదు దగ్గరే ఉండాలని కమిటీ చెప్పింది. పక్షుల శాస్త్రవేత్తకు మనుషుల గోడు ఏం తెలుసునన్నది ఊళ్లలో వచ్చిన మొదటి విమర్శ. నా దృష్టిలో అది సరైన విమర్శ కాదు. మూడో కాంటూరు కింద మిగిలే నీరు ఎంతో, బుడమేరు ఒక్కసారి పొంగితే ఎంత నీరు దిగుతుందో పోల్చి చూడటానికి పక్షిశాస్త్రం అక్కర్లేదు.

ఆ లెక్క 2024 సెప్టెంబరులో అందరి కళ్లముందుకీ వచ్చింది. బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. రాష్ట్రమంతా టీవీల్లో అది చూసింది. ఆ నీరు తర్వాత ఎక్కడికి పోయిందో చూసినవాళ్లు తక్కువ. అది కొల్లేటికి వచ్చింది, లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగింది. ఆ రోడ్డూ, పెదఎడ్లగాడి వంతెనా ఊళ్లకు అవసరమైనవే. వానాకాలంలో పడవ తప్ప దారి లేని పల్లెలకు ఆసుపత్రి దూరం ఎంతో తెలిసినవాళ్లెవరూ రోడ్డు వద్దనరు. కానీ సరస్సుకు అడ్డంగా వేసిన ప్రతి కట్టా నీటికి ఒక గోడ. వంతెన కన్నాలు ఎన్ని ఉంచాలన్న ప్రశ్న అభయారణ్యం హద్దు కన్నా ఊళ్లకు దగ్గరి ప్రశ్న. దాని మీద అర్జీలు తక్కువ.

చుట్టుపక్కల ఇలాంటి తగాదాలు ఇంకా ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాశ్రయం మాట లేచినప్పుడల్లా ఆ చుట్టూ ఇళ్లు కట్టుకున్నవాళ్లకు నిద్ర పట్టదు. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్లో కలుస్తాయని 2016లో ఊళ్లు రోడ్డెక్కాయి, 144 సెక్షన్ పెట్టారు, కేసులు పెట్టారు. అక్కడ జనం అడ్డుకున్నది వస్తున్న కర్మాగారాన్ని. కొల్లేటిలో అడ్డుకున్నది వచ్చిపడ్డ రక్షణను. అప్పటి ఒకే జిల్లాలో, కొద్ది దూరంలో, ఒక ఊరు నీటిని కాపాడండని, ఇంకో ఊరు నీటి హద్దు తగ్గించండని అడగడం చూసి నవ్వుకోనక్కర్లేదు. రెండు చోట్లా ఊరివాడి మాట కాగితం మీదికి ఎక్కింది నిర్ణయం అయిపోయాకే.

2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాయి. కైకలూరు, మండవల్లి కృష్ణా నుంచి ఏలూరులో కలిశాయి. రెండు జిల్లాల కలెక్టర్ల మధ్య ఫైలు తిరిగే బాధ చాలావరకు తీరింది. 2025 జూన్‌లో కేంద్ర సాధికార కమిటీ మళ్లీ ఏలూరు వచ్చింది, అర్జీలు మళ్లీ చేరాయి. లీజు చెరువులున్నవాళ్లూ, నిజంగా పట్టా భూమి పోగొట్టుకున్నవాళ్లూ ఒకే బ్యానరు కింద నిలబడుతున్నారు. ఇద్దరిదీ ఒకే నినాదం, మూడో కాంటూరు. ఆ నినాదం నెగ్గితే లాభం ఎకరాల లెక్కన పంచుకుంటారు, అందులో రెండెకరాల పట్టాదారు వాటా ఎంతో ఊహించవచ్చు. వాడి సమస్యకు హద్దు జరపనక్కర్లేదు, వన్యప్రాణి బోర్డు సిఫారసు కోసం ఎదురుచూడనక్కర్లేదు. చట్టంలోని రెండో దారి, అంటే డబ్బిచ్చి భూమి తీసుకోవడం, 1999లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. హైదరాబాదులో గానీ అమరావతిలో గానీ కొలువైన ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఆ ఖర్చును పూర్తిగా తలకెత్తుకోలేదు.