మెట్ట ముంగిళ్లకు మేలైన మొక్కలు
నీటినిబట్టే ఎంపిక.. ఈశాన్య వానలే అదును

కొండాపురం: కడియం నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న పూలమొక్కలు మెట్ట మండలాల్లో తొలి వేసవికే ఎండిపోతుంటాయి. చాలాసార్లు లోపం పెంపకంలో కాదు, ఎంపికలోనే ఉంటుంది. గోదావరి కాలువల నీటితో, ఒండ్రు నేలలో పెరిగిన మొక్క కొండాపురం, ఉదయగిరి ప్రాంతాల ఎర్ర నేలలకు, 40 డిగ్రీలు దాటే మే ఎండలకు ఒక్కసారిగా అలవాటు పడలేదు. తాగునీటికే ఇబ్బందిపడే వేసవిలో తక్కువ తడితో బతికే మొక్కలను పెంచుకోవడమే శ్రేయస్కరం.

ఎండను తట్టుకునేవి

కాగితపు పూలుగా పిలిచే బోగన్‌విల్లా ఈ నేలలకు చక్కగా సరిపోతుంది. వేళ్లూనుకున్నాక నీరు కాస్త తగ్గిస్తేనే పూలు విరివిగా వస్తాయి. దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం కూడా అనువైనవే. కుండీల్లో ఎడారి గులాబీ, నాచు పూలు పెంచవచ్చు. ఎడారి గులాబీ కాండం మొదట్లో నీటిని నిల్వ చేసుకుంటుంది. తడి ఎక్కువైతే కుళ్లిపోతుంది. స్థలం ఉన్నవారు కొండల్లో సహజంగా పెరిగే రేల, తంగేడు నాటుకోవచ్చు. రెండింటి పసుపు పూలూ కనువిందు చేస్తాయి.

బోరు నీటితో జాగ్రత్త

ఉదయగిరి ప్రాంత భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉంది. డ్రసీనా, స్పైడర్ ప్లాంటు వంటి కుండీ మొక్కలు దీన్ని తట్టుకోలేవు; ఆకుల కొనలు మాడిపోతాయి. నీటిని మరిగించినా ఫ్లోరైడ్ పోదు. వీటికి నిల్వచేసిన వాన నీరు పోయాలి. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక ఆ ఎరువు వేయరాదు.

సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో ఇక్సోరా లేత ఆకులు ఈనెలు మినహా పసుపు రంగుకు మారితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

వీటి విషయంలో అప్రమత్తం

గన్నేరు, పచ్చగన్నేరు ఎంత ఎండనైనా తట్టుకుంటాయి. అయితే వాటి అన్ని భాగాలూ విషపూరితమే. ఎండిన ఆకులు తిన్నా పశువులు చనిపోతాయి. పశువుల పాక, పసిపిల్లలు తిరిగే చోట్ల వీటిని నాటకూడదు. కత్తిరించిన కొమ్మలను గడ్డివాము పక్కన వేయరాదు. త్వరగా పచ్చగా ఎదిగే కోనోకార్పస్ జోలికీ వెళ్లకపోవడం మంచిది. దాని పుప్పొడితో శ్వాస ఇబ్బందులు, వేళ్లతో పైపులకు నష్టం కలుగుతాయన్న కారణంతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది.

అక్టోబరులో నాటాలి

జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఈశాన్య రుతుపవనాల తొలి వానకు నాటితే వేసవిలోగా వేళ్లు లోతుకు దిగుతాయి. అడుగున్నర గుంత తీసి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు లేదా ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. అడుగున చిన్న రంధ్రం చేసి వత్తి పెట్టిన పాత కుండను మొక్క పక్కన పాతి నీరు నింపితే వేళ్లకు నెమ్మదిగా తడి అందుతుంది. వేసవిలో ఉదయం లేదా సాయంత్రం మాత్రమే నీరు పోయాలి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను వారం పది రోజులు నీడలో ఉంచి, క్రమంగా ఎండకు అలవాటు చేశాకే నేలలో నాటుకోవాలి.