మూతపడిన గని, మిగిలిన నీరు: విస్ముట్ యురేనియం క్షేత్రాల పునరుద్ధరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తూర్పు జర్మనీలోని విస్ముట్ యురేనియం గనులలో 1990 చివర ఉత్పత్తి ఆగిపోయింది. అనంతర పునరుద్ధరణలో నీటి నియంత్రణే ప్రధాన సమస్యగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ చరిత్రను బాధ్యతల బదిలీ చరిత్రగా చదవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విస్ముట్, యురేనియం, టెయిలింగ్స్, భూగర్భ జలాలు, పునరుద్ధరణ, తుమ్మలపల్లె.

1. ప్రవేశిక:
రెండవ ప్రపంచ యుద్ధానంతరం, 1946లో, సోవియట్ ఆక్రమణలో ఉన్న సాక్సనీలో యురేనియం తవ్వకాలు మొదలయ్యాయి. సోవియట్ అణ్వాయుధ కార్యక్రమం కోసం ఏర్పడిన సంస్థకు 'విస్ముట్' అని పేరు పెట్టారు. జర్మన్ భాషలో దానికి బిస్మత్ లోహమని అర్థం. అసలు లక్ష్యం ఆ పేరు చాటున ఉండిపోయింది. 1954లో అది సోవియట్, తూర్పు జర్మనీల ఉమ్మడి సంస్థగా మారింది. 1990 వరకు సాక్సనీ, తురింగియాలలో సుమారు 2,31,000 టన్నుల యురేనియాన్ని ఉత్పత్తి చేసింది.

1990 అక్టోబరులో తూర్పు జర్మనీ, 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించాయి. లాభం పొందిన రెండు రాజ్యాలూ లేకపోగా, వ్యర్థాలు మాత్రం అక్కడే మిగిలాయి. సుమారు 1,400 కిలోమీటర్ల భూగర్భ మార్గాలు, 31 కోట్ల ఘనపు మీటర్ల వ్యర్థ శిలలు, 16 కోట్ల ఘనపు మీటర్ల టెయిలింగ్స్ ఏకీకృత జర్మనీకి సంక్రమించాయి. 1991లో ప్రభుత్వ సంస్థగా పునర్వ్యవస్థీకరించిన విస్ముట్‌కు పునరుద్ధరణను అప్పగించి, 1,300 కోట్ల మార్కులు కేటాయించారు.

2. టెయిలింగ్స్ నుంచి నీటిని తొలగించడం:
ఖనిజాన్ని మెత్తగా నూరి యురేనియాన్ని వేరుచేశాక మిగిలే బురదే టెయిలింగ్స్. యురేనియం పోయినా రేడియం వంటి పదార్థాలు అందులోనే ఉంటాయి. చెరువు మధ్యలో చేరే సన్నని బురద మనిషి బరువును కూడా మోయలేదు. దానిపై ఒక్కసారిగా మట్టి కప్పితే బురద పక్కకు పొంగుతుంది. రేణువుల మధ్య చిక్కుకున్న కలుషిత జలం ఒత్తిడికి పైకీ కిందికీ వెలువడుతుంది.

అందుకే హెల్మ్స్‌డార్ఫ్, కుల్మిచ్ వంటి చోట్ల పనిని దశలుగా విభజించారు. మొదట పైనున్న నీటిని తోడి శుద్ధి చేశారు. తర్వాత పలుచని తాత్కాలిక పొరను పరచి, పట్టీల వంటి నిలువు కాలువలను బురదలోకి దింపారు. వాటి గుండా నీరు పైకి రాగా బురద క్రమంగా గట్టిపడింది. ఆపై వాననీరు నిలవకుండా వాలు తీర్చి, తుది కప్పు వేశారు. కట్టల అడుగు నుంచి వచ్చే ఊట నీటిని నేటికీ సేకరించి శుద్ధి చేయవలసి వస్తోంది.

3. గనులను నీటితో నింపడం:
గని నడిచినంత కాలం పంపులు భూగర్భ జలాన్ని తోడివేస్తుంటాయి. పంపులు ఆగితే నీరు తిరిగి పైకి వస్తుంది. రోనెబుర్గ్ శిలల్లో ఉన్న పైరైట్ గాలి తగిలి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. కాబట్టి లిష్టెన్‌బెర్గ్ బహిరంగ గనిని పూడ్చేటప్పుడు, ఆమ్లాన్ని ఎక్కువగా పుట్టించే శిలలను భావి జలమట్టం కిందికి చేరే అడుగు భాగంలో వేశారు. నీటిలో మునిగిన పైరైట్‌కు ప్రాణవాయువు దాదాపు అందదు. ఇక్కడ నీరే రక్షణ కవచమైంది.

కోనిగ్‌స్టైన్‌లో పరిస్థితి భిన్నం. అక్కడ ఇసుకరాతి పొరలోకి నేరుగా గంధకామ్లాన్ని పంపి యురేనియాన్ని కరిగించారు. ఆ పొరకు పైన తాగునీటికి పనికివచ్చే భూజల పొర ఉంది. 2001లో గనిని నింపడం ప్రారంభించినా, నీటిమట్టాన్ని నియంత్రిస్తూ కలుషిత జలాన్ని తోడి శుద్ధి చేశారు. ఒకే సాధనం ఒకచోట రక్షణ, మరొకచోట ముప్పు. భూగర్భ నిర్మాణాన్ని బట్టే పద్ధతి నిర్ణయమవుతుందని ఈ రెండు ఉదాహరణలు చూపుతాయి.

4. తుమ్మలపల్లెకు వర్తింపు:
హెల్మ్స్‌డార్ఫ్ టెయిలింగ్స్ క్రోసెన్ కర్మాగారంలో సోడాతో చేసిన క్షార ప్రక్రియ నుంచి వచ్చాయి. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారంలోనూ క్షార పద్ధతే అమలులో ఉంది. కార్బనేట్ అధికంగా ఉన్న నీటిలో యురేనియం కరిగిన స్థితిలోనే ఉండి దూరం ప్రయాణించగలదు. ఆమ్లం లేనంత మాత్రాన ముప్పు లేదనుకోవడం శాస్త్రీయం కాదు. కొట్టాల సమీపంలోని టెయిలింగ్ పాండ్ వల్ల తమ బోరునీరు కలుషితమవుతోందని పరిసర గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులను తేల్చడానికైనా, రేపటి మూసివేతకైనా దీర్ఘకాలిక జల పరీక్షల సమాచారం ప్రజలకు అందుబాటులో ఉండాలి.

5. ముగింపు:
రోనెబుర్గ్‌లో 2007లో జాతీయ ఉద్యాన ప్రదర్శన జరిగింది. నేల పైభాగం పచ్చబడింది. శుద్ధి కేంద్రాలు మాత్రం ఆగలేదు. శుద్ధిలో మిగిలే అవక్షేపాన్ని సైతం భద్రపరచవలసిందే. గని ఆయుష్షు కొన్ని దశాబ్దాలైతే, దాని నీటి బాధ్యత అంతకన్నా దీర్ఘమైనది. ఆ భారాన్ని మోసేవారు ఖనిజంతో ప్రయోజనం పొందినవారు కాకపోవచ్చునని విస్ముట్ చరిత్ర నిరూపిస్తున్నది. అందువల్ల మూసివేత నిధి, జల పర్యవేక్షణ, జవాబుదారీ సంస్థ అనే మూడింటినీ గని పనిచేస్తున్న కాలంలోనే ఖరారు చేయాలి.