పాటు తిరిగే వేళ పండుగప్ప

బెంగళూరు బెళ్ళందూరు తెలుగువాళ్ళకు పండుగప్ప అంటే సర్జాపూర్ రోడ్డు చేపల కొట్లో ఐసు మీద పడుకుని ఉండే చేప. పక్కనే అంత పెద్ద చెరువున్నా అందులో గేలం వేసే మాట లేదు. గుట్టలుగా నురగ కక్కి, 2017 ఫిబ్రవరిలో మంటలు కూడా లేపిన నీళ్ళవి. అందుకే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రిలో దిగి, కోనసీమ అంతా దాటుకుని, గౌతమి సముద్రంలో కలిసే చోటికి వచ్చాం. కాట్రేనికోన మండలం, బలుసుతిప్ప. ఇంకా తెల్లవారలేదు.

"చెప్పులు గట్టు మీదే వదిలేయండి బాబూ. బురద తీసుకుంటే తిరిగివ్వదండి," అంటాడు పడవ బాబాయి. కాలు పెట్టగానే పిక్కల దాకా దిగిపోతుంది. చల్లగా, జిగటగా, కుళ్ళిన ఆకు వాసన. ఆ వాసనను అసహ్యించుకోకండి. రాలిన మడ ఆకు కుళ్ళితేనే పురుగుకు తిండి, పురుగుంటేనే రొయ్యకు, రొయ్యుంటేనే పండుగప్పకు.

ఇంజను ఆపేసి గెడ వేస్తూ పాయలోకి తిప్పుతాడు. రెండు పక్కలా చెట్లు మీదికి వంగి ఉంటాయి. ఒడ్డంతా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు, వేలెడంత పొడవున, వేలకు వేలు. గాలి లేని బురదలో చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. కొమ్మ పట్టుకోబోతే బాబాయి గదమాయిస్తాడు: "అది తిల్ల చెట్టండి! పాలు కంట్లో పడితే చూపు పోద్ది." చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఎండ్రకాయలు మాత్రం ఏ భయమూ లేకుండా ఒక్క పెద్ద ఎర్రటి కొండి ఊపుతూ మనల్నే పిలుస్తున్నట్టు నిలబడతాయి. నిజానికి ఆ ఊపుడు ఆడ ఎండ్రకాయల కోసం.

"ఎప్పుడు వేద్దాం బాబాయ్?"

"ఆయ్, పాటు తిరగాలండి."

వేటంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పోటులో నీళ్ళు చెట్ల మధ్యకు ఎక్కినప్పుడు రొయ్యలు, చిన్న చేపలు వేర్ల సందుల్లో మేస్తాయి. పాటు మొదలై నీళ్ళు వెనక్కి లాగితే అవి పాయలోకి దిగక తప్పదు. దిగే దారిలో, మునిగిన మొద్దు నీడలో, పండుగప్ప కాపు కాసి ఉంటుంది. ఖరీదైన రీలు కొనుక్కుని మాతో వచ్చిన కుర్రాడు ఇవేవీ వినకుండా నాలుగుసార్లు విసిరి నాలుగుసార్లూ వేరుకు తగిలించాడు. బాబాయి చేతిలో ఉన్నది చెక్క ముక్కకు చుట్టిన గేలం తాడు, కొక్కేనికి బతికున్న రొయ్య. వెన్ను మీద గుచ్చాడు, అది ఈదుతూనే ఉండాలట.

నీటి మీద తేలే ఆకు ఆగింది. కాసేపటికి సముద్రం వైపు కదిలింది. బాబాయి రొయ్యను మొద్దు పక్కన వదిలి, తాడును చూపుడువేలి మీద ఆనించి నోరు మూసుకున్నాడు. లకుముకి పిట్ట ఒకటి అరుచుకుంటూ పోయింది. దోమలు మాత్రం మనల్ని వదల్లేదు.

తాడు ఒక్క గుంజు గుంజింది! నీళ్ళు బద్దలై వెండి పొలుసుల ఒళ్ళు సగం పైకి లేచి తల విదిలించింది. "లూజివ్వండి, లూజివ్వండి," అంటూ ఆయనే తాడు వదిలి, లాగి, మళ్ళీ వదిలి, చివరికి పడవలోకి చేర్చాడు. మూడు కిలోలుంటుందేమో. పట్టుకోబోయిన చెయ్యిని ఆయన తోసేశాడు. మొప్ప మూత అంచు బ్లేడులా కోస్తుంది, తాళ్ళు తెగేదీ దానికే. ఈ చేప బతుకు కూడా విచిత్రమైనదే. మొదట మగగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడదవుతుంది. బాగా పెద్ద పండుగప్ప దొరికితే అది దాదాపు ఖాయంగా గుడ్లు పెట్టే తల్లే. అలాంటిదాన్ని ఫోటో తీసుకుని వదిలెయ్యడమే మర్యాదని నా అభిప్రాయం. బాబాయి ఒప్పుకోడు. ఆయనకది బియ్యం, పిల్లల ఫీజు. బెంగళూరు నుంచి సరదాకొచ్చిన నేను వాదించడం బాగుండదు.

ఎండెక్కాక తిరుగుదారిలో 1996 నవంబరు 6 నాటి తుఫాను గురించి చెప్పాడు. ఈ తీరంలో వేటకెళ్ళిన వాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. తుఫానుకు అడ్డం నిలిచేది మడేనని, అప్పటినుంచీ మడ చెట్టు మీద కత్తి వేస్తే ఊరుకోనని అన్నాడు.

మీరూ రావాలనుకుంటే ఒక మాట. గౌతమికి అవతల ఉన్న కోరింగ 1978 నుంచి అభయారణ్యం, అక్కడ సరదాకి గేలం వెయ్యకండి. ఇవతలి మడ కూడా చాలావరకు రిజర్వు అడవే కాబట్టి అటవీ శాఖవాళ్ళను అడిగాకే పడవెక్కండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో ఇంజను పడవలకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ అసలు రావద్దు. పడవకు ఆ ఊరివాళ్ళు అడిగినంత ఇవ్వండి, బేరమాడకండి.