ఎండు రొయ్యల చరిత్ర

వంట బాగుంటే 'నలభీమ పాకం' అంటాం. రోజూ పొయ్యి ముందు నిలబడేది ఆడవాళ్లు, పేరు మాత్రం ఇద్దరు రాచవారిది. ఇది మన ఒక్కరి గుణమే కాదు. ఇటలీ ఇంటివంటకు ప్రామాణికంగా చెప్పుకునే పుస్తకాన్ని 1891లో పెల్లెగ్రినో అర్తూసి అనే పట్టు వర్తకుడు సొంత ఖర్చుతో అచ్చువేశాడు. అందులోని వంటకాలను పొయ్యి మీద వండి చూసింది ఆయన ఇంట్లో పనిచేసిన మరియెట్టా సబతిని, ఫ్రాంచెస్కో రుఫిల్లి. 1911లో పోతూ పుస్తకం హక్కులు వాళ్లిద్దరికీ రాసిపోయాడు. అట్ట మీద పేరు మాత్రం ఆయనదే. మనవాళ్లు ఆ మాత్రమైనా రాసివ్వలేదు.

ఇంతదూరం ఎందుకు వెళ్లానంటే, ఈమధ్య చెన్నూరులో పదిమంది రచయిత్రులకు దావత్ ఇస్తూ రొయ్యల పాస్తా చేశాను. చెన్నూరుకు గోదావరి ఉంది, కొర్రమీను, బొచ్చె ఉన్నాయి. సముద్రమే చాలా దూరం. మాకు సముద్రం తెలిసింది అంగడిలో గోనెపట్టా మీద పోసిన ఎండు రొయ్యల వాసనగానే. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడింది. మంచిర్యాల ఆ దారిలోనిదే. ఆ లైను చరిత్రలో బొగ్గు గురించి రాస్తారు, ఎండుచేపల గంప గురించి రాయరు.

ఎండు రొయ్యలో ఎంత పని దాగుందో చూడండి. తీరంలో ఇసుక మీద పరిచి, తిరగేసి, మబ్బు పడితే ఎత్తి, కాకుల్ని తోలి, గంపకెత్తి అమ్మేది ఎక్కువగా స్త్రీలే. పడవ మగవాడిది గనుక 'మత్స్యకారుడు' అనే మాట అతనికే పోయింది. ఇక్కడికొచ్చాక తలా తోకా తుంచి, చేటలో చెరిగి, ఉత్త పెనం మీద వేయించే పనీ ఆడవాళ్లదే. చింతచిగురులో గుప్పెడు వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. మాంసం కొనలేని ఇంటి రుచి అది. అందుకే ఆ వాసనకు కులాన్ని అంటగట్టారు. ఎండుచేపలు వండుతారా అని అడిగి ఇల్లు అద్దెకివ్వని వాళ్లను చూశాను. అదే వాసనకు 'సీఫుడ్' అని పేరు పెడితే అభ్యంతరం ఉండదు!

నేనూ ఎండువే వాడాను. సగం పొడి చేసి, నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి, టమాటాతో మగ్గించి, కాస్త పలుకుండగా దించిన పాస్తా కలిపాను. పాస్తా ఉడికిన నీళ్లు గరిటెడు పోస్తే అంతా చక్కగా పట్టుకుంటుంది. పక్కనున్న మా చిన్నమ్మ, "ఏందే బిడ్డా, గిది మన సేమియానే గదా, జర లావుగున్నది" అంది. ఆమె అన్నది నిజమే. నేపుల్స్ దగ్గరి గ్రాన్యానో వీధుల్లో ఒకప్పుడు పాస్తాను కర్రల మీద ఆరేసేవారు. మా ఇంట్లో సేమియాను నులకమంచం మీద ఆరేసేవారు.

తినేముందు మాటలు 'మనకు తెలియని మన చరిత్ర' మీదికి మళ్లాయి. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల చేత వాళ్ల అనుభవాలు చెప్పించి, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన పుస్తకం. దళాలకు అన్నం పెట్టడమూ పోరాటమేనని ఒకరన్నారు. అలా అంటే మళ్లీ మనల్ని వంటింట్లోకి పంపినట్టు కాదా అని ఇంకొకరు. వంటింట్లోకి పంపడం వేరు, వండిన చేతిని లెక్కలోకి తీసుకోవడం వేరు అనుకుంటాను. రాత్రి ఎవరు వండారో రాయకుండా పొద్దున దళం ఎలా నడిచిందో ఎలా రాస్తాం?

వాదం తెగలేదు. చిన్నమ్మ అప్పటికీ గరిటె పట్టుకుని నిలబడే ఉంది. రమ్మంటే, "మీరు తినుండ్రి, నేను ఎన్క తింట" అంది. గరిటె నేను తీసుకుని, మొదటి పళ్లెం ఆమెకు వడ్డించాను.